వెనక మోకు

పరంజ్యోతి మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. పాలగుట్ట ఊళ్ళో ఇది అందరికీ తెలిసిన సంగతే. ముప్ఫై ఏళ్ళు పెద్దాసుపత్రిలో పక్షవాతం వచ్చినవాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించి, రిటైరయ్యాక సొంత ఊరికి వచ్చి, మిద్దింటి ముందుగదిలో రెండు బల్లలూ ఒక నిలువుటద్దమూ పెట్టుకుని అదే పని చేస్తున్న మనిషి ఆయన. నోటితో చెప్పిన జవాబు చెవి దాకా వెళ్ళి అక్కడే చతికిలబడుతుందని ఆయన నమ్మకం. అందుకని ప్రశ్న వినగానే లేచి, గుమ్మం దగ్గర తోలు చెప్పులు వెతుక్కుని, అడిగినవాళ్ళను వెంటబెట్టుకుని బయలుదేరతారు. ఒకసారి కుమ్మరి సారె దగ్గరికి, ఒకసారి పిల్లలు ఈత నేర్చుకునే బావి దగ్గరికి. ఒకసారి మాత్రం ఎక్కడికీ కాకుండా ఊరంతా తిప్పి మళ్ళీ తన గుమ్మం దగ్గరే దించారు. ఆ రోజు అడిగినాయన తన మోకాళ్ళు పనికొస్తాయా లేదా అని అడిగాడు మరి.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న వకుళకు ఈ పద్ధతి మొదట్లో ఒళ్ళుమంటగా ఉండేది. ఆమె పట్నంలో ఫిజియోథెరపీ చదివింది, కాలేజీలో మూడో ర్యాంకు తెచ్చుకుంది, అడిగీ అడగకముందే జవాబు చెప్పే రకం. శరీరం ఎలా కదులుతుందో ఆమెను అడిగితే ఊపిరి తీసుకోకుండా చెప్పేస్తుంది. కదలమని మెదడు పంపిన కబురు వెన్నుపాములోకి దిగుతుంది, అక్కడి నుంచి నరం దాన్ని కండరానికి చేరుస్తుంది. కండరాలు జంటలు. మోచెయ్యి ముడవాలంటే ముందు కండరం బిగియాలి, వెనక కండరం సడలాలి. చాపాలంటే అది తిరగబడాలి. కాబట్టి ప్రతి కదలికకూ రెండు కబుర్లు వెళతాయి, ఒకటి బిగియమని, ఒకటి సడలమని. పక్షవాతంలో పై నుంచి కబురు తెగిపోతే వెన్నుపాము తనకు తెలిసిన ఒక్క పనే చేస్తూ ఉంటుంది, పట్టుకున్నదాన్ని పట్టుకునే ఉండటం. అలాంటి కండరాన్ని చటుక్కున సాగదీస్తే అది ఇంకా బిగుస్తుంది. ఇదంతా పరీక్షలో రాసి పదికి తొమ్మిదిన్నర తెచ్చుకుంది ఆమె. ఆ పోయిన అర మార్కు గురించే మాస్టారు ఎప్పుడైనా ఆటపట్టిస్తూ ఉండేవారు.

మాస్టారి గదికి వచ్చేవాళ్ళలో చెంగల్రాయుడని ఒకాయన ఉన్నాడు. లారీలకు చెక్క బాడీలు కట్టే వడ్రంగి, అరవై దాటాయి. ఊళ్ళో ఆయనకు వడ్రంగం కంటే పెద్ద పేరు ఇంకొకటి ఉంది: వేణుగోపాలస్వామి రథానికి ఆయన జెండా మనిషి. ఐదంతస్తుల ఎత్తు రథానికి ముందు రెండు మోకులు, తొడంత లావున్న తాళ్ళు, వాటిని పట్టుకుని మూడు వందల మంది. వెనక ఒక్క మోకు, దాన్ని పట్టుకుని చేనేత వీధివాళ్ళు నలభై మంది. తేరు వీధి మలుపు దాటాక నేల పల్లంలోకి దిగుతుంది కనుక వెనక పట్టు లేకపోతే రథం జనం మీదికి పరుగెత్తుతుంది. ఈ రెండు మూకల మధ్య కుడి చక్రం పక్కన, ఎర్రజెండా పట్టుకుని, ముందుకు నాలుగడుగులూ వెనక్కి నాలుగడుగులూ వేస్తూ ఇరవై ఎనిమిదేళ్ళు రథాన్ని నడిపించాడు ఆయన. ఆ అటూ ఇటూ నడక ఆయన సోకు అనుకునేవారు జనం.

పోయిన కార్తీకంలో పక్షవాతం వచ్చి ఆయనకు కుడివైపు పడిపోయింది. కాలు కొంత తేరుకుంది, మాట ముద్దగా వస్తోంది, చెయ్యి మాత్రం మోచేతి దగ్గర ముడుచుకుని గుండెకు అతుక్కుపోయింది. వేళ్ళు అరచేతిలోకి దిగి పిడికిలి బిగిసిపోయింది. కూతురు రెడ్డెమ్మ రోజూ దూది తడిపి ఆ పిడికిలి సందుల్లో తుడుస్తుంది, గోళ్ళు తీస్తుంది, తీసిన ప్రతిసారీ ఆమెకు చెమటలు పడతాయి. ఆయన ఆ గదిలోకి వచ్చిన మొదటి రోజే వకుళ ఆ పిడికిలిని తన చేతుల్లోకి తీసుకుని, "రథం నాటికి ఈ చేత జెండా పట్టిస్తాను పెద్దాయనా, నాది పూచీ" అంది. ముసలాయన కళ్ళు మెరిశాయి. మాస్టారు ఆ మాట విని గుమ్మం దగ్గర చెప్పుల వైపు ఒకసారి చూశారు అంతే.

పూచీ పడ్డాక వకుళకు నిద్ర పట్టలేదంటే పట్టలేదు. నాలుగు నెలలు ఆ వేళ్ళతో కుస్తీ పట్టింది. ఉదయం అరగంట, సాయంత్రం అరగంట, బొటనవేలు ఒక చేత్తో, మిగతా నాలుగూ ఇంకో చేత్తో పట్టుకుని లాగేది. ఒక్కోసారి నాలుగు వేళ్ళూ తెరుచుకునేవి, ఆమె సంబరపడేలోపు టపీమని మళ్ళీ మూసుకునేవి. రథం ఇంక పది రోజులుందనగా ఆమెకు ఓపిక చచ్చింది. బల్లకు మోకాలు ఆనించి రెండు చేతులతో గట్టిగా గుంజింది. చెంగల్రాయుడు గావుకేక పెట్టాడు. పిడికిలి తెరుచుకోలేదు సరికదా, ముందెన్నడూ లేనంతగా బిగిసి, గోళ్ళు అరచేతిలో దిగి, సందుల్లోంచి నెత్తురు చుక్క కారింది.

"ఏందిమ్మా అట్ల గుంజతావు, అది చెయ్యి, బావిలో చేద కాదు!" అని రెడ్డెమ్మ అడ్డం వచ్చింది. తండ్రి చేతిని కొంగుతో ఒత్తి పట్టుకుని, కాసేపటికి మెత్తబడి, "నీ తప్పు అనలేదులేమ్మా. ఇంక ఇడిసిపెడదాం. రథం రోజు జెండా దామోదరం పట్టుకుంటాడంట. రాత్రే గుడోళ్ళు వచ్చి నాయనకి చెప్పిపోయినారు" అంది. చెంగల్రాయుడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. మరుసటి రోజు ఆయన రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

వారం రోజులు వకుళ ఆ ఖాళీ బల్ల వైపు చూడకుండా మిగతా పనులు చేసింది. అవమానం ఒక పక్క, ముసలాయనను నమ్మించి మోసం చేశానన్న బాధ ఒక పక్క. రథం ఇంక రెండు రోజులుందనగా ఆగలేక మాస్టారి ముందు నిలబడింది.

"మాస్టారూ, ఆ చేతికి బలం లేదంటారు అందరూ. నేను రెండు చేతులతో లాగినా ఒక్క వేలు లేవలేదు. నా ఒంట్లో ఉన్నంత బలం ఆ పిడికిట్లో ఉంది. అంత బలమున్న చెయ్యి ఒక గుడ్డ జెండా ఎందుకు ఎత్తలేకపోతోంది?"

మాస్టారు లేచి చెప్పులు వేసుకున్నారు. గడప దాటబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, మళ్ళీ విప్పారు. "ఇవాళ కాదు. ఎల్లుండి రథం. రాయుణ్ణి కూడా తీసుకుని పోదాం" అన్నారు.

"ఆయన రారు మాస్టారూ. వేరేవాళ్ళ చేతిలో జెండా చూడటానికి ఎవరొస్తారు?"

"వస్తాడు" అన్నారు మాస్టారు, ఇంకొకరి బల్ల దగ్గరికి నడుస్తూ.

వచ్చాడు. రథం రోజు పొద్దున తొమ్మిదింటికి రెడ్డెమ్మ ఆయనను చక్రాల కుర్చీలో తోసుకుంటూ తేరు వీధి మొదట్లోకి తెచ్చింది. ఉతికిన పంచె, నుదుట నిలువు బొట్టు. గుండెకు అతుక్కున్న ఆ కుడి పిడికిట్లో పాత ఎర్రజెండా నిలబడి ఉంది. వకుళ నోరు తెరిచింది. "నేనేం చేసేదమ్మా, పొద్దున లేచినప్పటి నుంచి ఒకటే పోరు. పిడికిలి పైనుంచి కర్రని సందులోకి దూర్చినా. దూరింది. ఇప్పుడు ఎవురు లాగినా రాదు" అంది రెడ్డెమ్మ, నవ్వాలో ఏడవాలో తెలియక. వకుళ తలదించుకుంది. రథం నాటికి జెండా పట్టిస్తానన్న తన పూచీ ఈ విధంగా తీరుతుందని ఆమె అనుకోలేదు.

కొత్త జెండా మనిషి దామోదరం అందగాడు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. అతను చక్రం పక్కన నేల మీద నడవలేదు. రథం ముందుభాగంలో కొయ్య గుర్రాల మధ్య పలక మీద నిలబడ్డాడు. అక్కడైతే మూడు వందల మందికీ కనిపిస్తాడు, మిద్దెల మీదున్న ఆడవాళ్ళకూ కనిపిస్తాడు, సెల్‌ఫోన్లకు సరేసరి. స్వామికి హారతి అయింది, డోళ్ళు మోగాయి, జెండా లేచింది, "గోవిందా" అని వీధి దద్దరిల్లింది. రథం గుడి ముందు నుంచి కదిలి, ఇరవై బారలు సాఫీగా నడిచి, మలుపు దగ్గర ఆగింది. అక్కడ ఎప్పుడూ ఆగుతుంది, అంతదాకా నేల చదును కనుక వెనక మోకు వదులుగానే ఉంటుంది. చక్రాల వెనక చెక్కలు పెడతారు, వెనక మోకును మలుపు మొదట్లో ఉన్న రాతిస్తంభానికి రెండు చుట్లు చుడతారు, పల్లానికి సిద్ధమవుతారు. అయ్యాక దామోదరం మళ్ళీ జెండా ఎత్తాడు. మూడు వందల మంది లాగారు. రథం కదల్లేదు.

మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ లాగారు, రథం కిర్రుమంది, శిఖరం మీద కలశం ఊగింది, చక్రం మాత్రం జానెడు జరగలేదు. ఇంక చూడండి వైద్యం. కొత్తగా వేసిన సిమెంటు రోడ్డులో చక్రం దిగబడిందని ఒకడు, ఇరుసుకు ఆముదం చాల్లేదని ఒకడు, కొబ్బరికాయ సరిగ్గా పగల్లేదు నేను అప్పుడే అన్నానని ఒకడు. మందు మాత్రం అందరిదీ ఒకటే: ఇంకా మనుషులు కావాలి. అంగళ్ళలోంచి, మిద్దెల మీంచి దిగివచ్చి ఇంకో వంద మంది మోకులు పట్టుకున్నారు. దామోదరం గొంతు చించుకుంటూ జెండాను గాలిలో తిప్పాడు. ఈసారి మోకు పీచు తెగిన చప్పుడు డోళ్ళ మధ్య కూడా వినిపించింది. ఆ మోకు తెగితే నాలుగు వందల మంది ఒకరి మీద ఒకరు పడతారు, ముందు వరసలో చిన్నపిల్లల్ని భుజాన వేసుకున్నవాళ్ళూ ఉన్నారు. వకుళ మాస్టారి వైపు తిరిగింది.

మాస్టారు ఆమె పక్కనే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. "ముందు ఎంతమంది ఉన్నారో చూశావు కదా. ఒకసారి వెనక్కి వెళ్ళి రా" అన్నారు.

వకుళ గోడ వెంబడి జనాన్ని తోసుకుంటూ రథం వెనక్కి వెళ్ళింది. వెళ్ళి అలాగే నిలబడిపోయింది. ముందున్న గోలకూ ఇక్కడికీ పోలికే లేదు. నలభై మంది మడమలు నేలలో దించి, నడుములు వెనక్కి వాల్చి, చప్పుడు లేకుండా మోకు పట్టుకుని ఉన్నారు. మోకు రాతిస్తంభానికి కరుచుకుపోయి ఉంది. చొక్కాల్లేని వీపులు చెమటకు మెరుస్తున్నాయి, మెడల్లో నరాలు తేలాయి, ఒకతని అరచేతి నుంచి నెత్తురు కారుతోంది. నలభై మంది కళ్ళూ ఒకే చోట ఉన్నాయి, కుడి చక్రం పక్కన, నేల మీద, ఎవరూ లేని చోట.

"వదలండి! మీరు పట్టుకున్నారు, అందుకే కదలట్లేదు. వదలండి!" అని అరిచింది వకుళ.

మొదటి వరసలో ఉన్న పెద్దాయన తల తిప్పలేదు. మునస్వామి ఆయన పేరు, చేనేత వీధికి పెద్ద. "జెండా వంగలేదు" అన్నాడు పళ్ళ బిగువున.

"జెండా అక్కడ ముందు ఉంది. రథానికి అవతల. మీకు కనపడదు!"

"కనపడకపోతే లేనట్టే గదమ్మా. మా నాయన కాలంలో ఎవురో ఇడవండని అరిస్తే ఇడిసినారు. ఆ అరిసినోడు యాపారానికి వచ్చిన బొరుగులోడు, మావోళ్ళని గాదు, తన మూట పట్టుకున్నోళ్ళని అన్నాడంట. మా పెదనాయన రెండు కాళ్ళూ పోయినాయి. ఆ పొద్దు నుంచి మా యీదోళ్ళు చెవులు నమ్మేది లేదు. జెండా మా తట్టు తిరిగి వంగితేనే ఇడిసేది. రాయుడు ఉన్నన్నాళ్ళూ ఒక్క తూరి గూడా మరిసిపోలా." ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నాడు: "అయినా ఇప్పుడు ఇడవాలన్నా ఇడవలేం. ముందోళ్ళు అంత బిర్రుగా లాగతా ఉంటే మోకు రాయిని కరుసుకునుంది. ఇడిస్తే చేతులు తెగతాయి. వాళ్ళని ఒక అడుగు యెనక్కి రమ్మను ముందు."

వకుళ తిరిగి పరుగెత్తింది. మాస్టారు కదలలేదు. కానీ కుర్చీలో చెంగల్రాయుడు కుదురుగా లేడు. ఎడమచేత్తో కుర్చీ చక్రాన్ని బాదుతున్నాడు. "చూపియ్యలా... యెనక్కి... చూపియ్యలా" అంటున్నాడు, మాటలు ముద్దగా, కళ్ళల్లో నీళ్ళు. ఆయన అటూ ఇటూ నడక సోకు కాదని అప్పుడు అర్థమైంది వకుళకు. ముందుకు నాలుగడుగులు వేసింది లాగమని చెప్పటానికి, వెనక్కి నాలుగడుగులు వేసింది వదలమని చెప్పటానికి. దామోదరాన్ని తప్పు పట్టి లాభం లేదు. ఇరవై ఎనిమిదేళ్ళు ముందు నుంచి చూసినవాడికి జెండా లేవటమే కనపడింది, వంగటం కనపడలేదు.

"చక్రం కాడికి" అన్నాడు చెంగల్రాయుడు. అది ముద్దగా రాలేదు. రెడ్డెమ్మ ఒక పక్క, వకుళ ఒక పక్క కుర్చీని తోసుకుంటూ రథం కుడి చక్రం పక్కకు తెచ్చారు. జనం దారి ఇచ్చారు. జెండా నిలబెట్టుకుని వస్తున్న ఆయనను చూసి మొదటి వరసల్లో గోల తగ్గింది, తర్వాత ఒక్కో వరసే సద్దుమణిగింది. పలక మీద దామోదరం గాలిలో ఉన్న చెయ్యి దించేశాడు. చెంగల్రాయుడు ఎడమచేతిని అరచెయ్యి చూపిస్తూ ముందువాళ్ళకు అడ్డం పెట్టాడు.

"ఒక అడుగు... యెనక్కి."

"రథం రోజు యెనక్కా? అపశకునం!" అని ఎవరో అన్నారు. ఆ మాటకు కొందరు మోకు ఇంకా బిగించి పట్టుకున్నారు.

"రథం గాదురా. మీరు" అన్నాడు చెంగల్రాయుడు.

ఒకరిద్దరు నవ్వారు. నవ్విన చేతిలో బిగువు ఉండదు. ఒక వరస అడుగు వెనక్కి వేసింది, దాని వెనక ఇంకో వరస, నాలుగు వందల మంది ఉసూరుమంటూ వెనక్కి వచ్చారు. చక్రాల వెనక చెక్కలు ఉన్నాయి, నేల ఇంకా పల్లానికి దిగలేదు, కాబట్టి రథం ఎక్కడిది అక్కడే ఉంది. ముందు మోకులు నేలను తాకాయి. అటు రాతిస్తంభం మీద కరుచుకున్న మోకు కర్‌మని వదులైంది. చెంగల్రాయుడు కుర్చీని వెనక్కి తిప్పించుకున్నాడు. నలభై మంది కళ్ళు ఎదురుచూస్తున్న చోట ఇప్పుడు మనిషి ఉన్నాడు, జెండా ఉంది. ఇంక అది వంగాలి.

చెయ్యి రాలేదు. ఆయన మొహం ఎర్రబడింది, పెదవి వంకరపోయింది, పిడికిలి ఇంకా పైకి గడ్డం దాకా ఎక్కింది. దించాలనుకున్నకొద్దీ అది ఎక్కుతోంది. వకుళ చెయ్యి అలవాటు కొద్దీ ఆ పిడికిలి వైపు వెళ్ళింది, లాగి దించటానికి. మధ్యలో ఆగింది. ఎవరూ చెప్పలేదు, దానంతట అదే ఆగింది. ఆమె కుర్చీ వెనక్కి వెళ్ళి, ఆయన నడుముకు చుట్టిన పంచెకట్టును రెండు చేతులతో పట్టుకుంది. "నేను పట్టుకున్నాను పెద్దాయనా. పడరు. చేతిని వదిలేయండి, అది ఎలా ఉందో అలాగే ఉండనీయండి. మీరే వంగండి" అంది.

చెంగల్రాయుడు నడుము దగ్గర వంగాడు. మెల్లగా, స్వామికి దణ్ణం పెట్టినట్టు. చెయ్యి గుండెకు అతుక్కునే ఉంది, పిడికిలి బిగిసే ఉంది, కానీ మనిషి వంగితే జెండా వంగక ఏం చేస్తుంది? ఎర్రగుడ్డ ముందుకు వాలి, మోకాలి మీదుగా జారి, నేలను తాకింది.

మునస్వామి ఒక చెయ్యి వదిలాడు, తర్వాత రెండోది. ఆయన వెనక ఒక్కొక్కరే పట్టు సడలించారు. మోకు రాతిస్తంభం చుట్టూ పాములాగా కదిలింది. ముందువాళ్ళు మోకులు పైకి ఎత్తారు, ఇంకా సరిగ్గా లాగను కూడా లేదు, ఐదంతస్తుల రథం చక్రాల మీద నడిచింది. తేరు వీధిలో జనం పెట్టిన అరుపు ఎంత దూరం వినిపించిందో నేను చెప్పలేను. రెడ్డెమ్మ నడివీధిలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరెవరో తోస్తుంటే కుర్చీ రథంతో పాటే పల్లంలోకి దిగింది, ఇటొకసారి అటొకసారి తిరుగుతూ, ముసలాయన ఇటొకసారి అటొకసారి వంగుతూ. వకుళ ఆయన నడుము పట్టు వదల్లేదు. స్వామి పల్లం కింద బజారు వీధి చివర నిలిచాక చూస్తే ఆమె చేతులు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి, దామోదరం కిందికి దిగి కుర్చీ పక్కన నడుస్తున్నాడు. వచ్చే ఏడు ముందు చూసేది తాననీ, వెనక చూసేది ఆయన అనీ అతనే అన్నాడు. మాస్టారు కనపడలేదు. జనంలో ఒక చెప్పు పోయిందట, ఇంకోటి చేతిలో పట్టుకుని ఎప్పుడో ఇంటికి వెళ్ళిపోయారు.

మరునాడు పొద్దున చెంగల్రాయుడు ఎవరూ పిలవకుండానే రెడ్డెమ్మతో వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. వకుళ ఎదురుగా కూర్చోలేదు, పక్కన కూర్చుంది. పిడికిలిని కింద నుంచి అరచేతితో మోసింది. వేళ్ళ జోలికి పోలేదు. అది ఏ వైపు ముడుచుకుని ఉందో ఆ వైపుకే, మణికట్టును ఇంకాస్త లోపలికి, చాలా మెల్లగా వంచింది. లాగటానికి అలవాటుపడిన చేతులకు అది కష్టమైన పని. పరీక్షలో తను రాసిన వాక్యం, చటుక్కున సాగదీస్తే ఇంకా బిగుస్తుందన్నది, అప్పుడు గుర్తొచ్చి ఆమె చెవులు వేడెక్కాయి. తొమ్మిదిన్నర మార్కుల వాక్యాన్ని నాలుగు నెలలు తన చేతులతోనే కొట్టేసింది.

"నా వేలు పట్టుకోండి పెద్దాయనా. గట్టిగా. ఇంకా గట్టిగా. ఊఁ, చాలు. ఇప్పుడు ముందోళ్ళు వెనక్కి వచ్చేశారు అనుకోండి. ఎవరూ లాగట్లేదు. యెనకోళ్ళకి జెండా చూపించండి."

చాలాసేపు ఏమీ జరగలేదు. వకుళ తొందరపడలేదు. బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్ళారు. ఆ రోజు ఆ చెయ్యి తెరుచుకుందని రాస్తే అది అబద్ధం. బొటనవేలు, బొటనవేలు ఒక్కటే, చూపుడువేలి మీద నుంచి లేచింది. మధ్యలో ఒక బియ్యపుగింజ పట్టేంత సందు వచ్చింది, అంతే. అది మళ్ళీ వాలిపోయేదాకా ముగ్గురూ ఊపిరి బిగబట్టి చూశారు. నాలుగు నెలల్లో వకుళ ఆ వేలిని వంద సార్లు తెరిచి ఉంటుంది. అది తెరుచుకోవటం ఇదే మొదటిసారి.

"ఇడిసినా" అన్నాడు చెంగల్రాయుడు. తన చేతినే కొత్తగా చూస్తూ, "నేనే... ఇడిసినా" అన్నాడు.

వకుళకు కళ్ళు నిండాయి. దాచుకోలేదు. గుమ్మం దగ్గర మాస్టారు మిగిలిన ఒంటి చెప్పును తిరగేసి చూసుకుంటున్నారు. ఆమె వెళ్ళి ఆయన ముందు నిలబడింది. "మాస్టారూ, నాలుగు నెలలు నేను లాగుతుంటే చూస్తూ ఊరుకున్నారు. మొదటి రోజే ఒక్క మాట చెప్పి ఉండకూడదా?" అంది.

మాస్టారు చెప్పు కింద పెట్టారు. వేసుకుందామంటే రెండోది లేదు. అందుకనేమో, ఆ ఒక్కసారికి నోటితోనే జవాబు చెప్పారు.

"ముందు మోకుకి మనుషులు ఎప్పుడూ దొరుకుతారమ్మా. నేనూ ఆ మోకే పట్టుకుని నిన్ను లాగమంటావా?"